నక్షత్రదర్శి వైను బప్పు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున వెలువడు సంచికలో, మన హైదరాబాదులో పెరిగి పెద్దవాడై ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞులలో అగ్రస్థానము నందుకొనిన ఒక మహనీయుని జీవితమును స్మరించుకొనుట ఉచితమని తలచుచున్నాను. ఆయన మనాలి కల్లట్ వైను బప్పు గారు. ఆకాశమును చూచుట, చూచినదానిని కొలుచుట, కొలుచుటకు వలసిన సాధనములను మన దేశముననే మన చేతులతో తయారు చేసికొనుట, ఇవి మూడును ఆయన జీవితకార్యములు. ఇంటి పెరటిలో చిన్న దూరదర్శిని నొకదానిని నిలిపి చంద్రుని, గ్రహములను చూడవలెనని కోరు యువకులు మన ఉప్పల్, నాచారం ప్రాంతములందు లేకపోలేదు. వారికి ఈ జీవితము ఒక దారి చూపును.

హైదరాబాదున ఆధునిక ఖగోళశాస్త్రమునకు పునాది పడినది కూడ ఒకరి ఇంటి ఆవరణముననే. నవాబ్ జఫర్ జంగ్ బహద్దూరు నిజాం ప్రభువుల కొలువులోని ప్రముఖులు. ఆయన ఇంగ్లండు నుండి 15 అంగుళముల కటకము గల గ్రబ్ దూరదర్శినిని స్వంత ధనముతో తెప్పించి, 1901లో ఫిసల్‌బండ వద్దనున్న తమ ఆవరణములో వేధశాలను నెలకొల్పిరి. 1907లో ఆయన కాలధర్మము చెందగా, మరుసటి ఏట ప్రభుత్వము దానిని స్వీకరించినది. తరువాత అది బేగంపేట ప్రాంతమునకు తరలి, నిజామియా వేధశాలగా ప్రసిద్ధి చెంది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందినది. ఆకాశమునంతటిని ఛాయాచిత్రములుగా తీసి నక్షత్రములకు పట్టికలు వ్రాయవలెనని ఆనాడు అనేక దేశముల వేధశాలలు పని పంచుకొనినవి. అందులో హైదరాబాదు వేధశాలయు తన వంతు ఆకాశభాగమును తీసికొని, లక్షల కొలది నక్షత్రముల స్థానములను కొలిచి గ్రంథములుగా ప్రకటించినది. నేడు ఆ దారిన పోవువారిలో ఈ సంగతి ఎరిగినవారు అరుదు.

ఆ వేధశాలలో పనిచేయుచుండిన ఉద్యోగులలో వైను బప్పు గారి తండ్రి ఒకరు. వారి కుటుంబము మలబారు ప్రాంతమునకు చెందినది. వైను బప్పు 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించిరి. తల్లిదండ్రులకు ఆయన ఏకైక సంతానము. బాల్యమునుండియు హైదరాబాదే ఆయనకు ఊరు. తండ్రి రాత్రివేళల చేయు ఉద్యోగము కుమారునకు సహజముగనే పాఠమైనది. సాధారణముగ బాలురు చుక్కలను లెక్కించి నిద్రపోవుదురు. ఈ బాలుడు చుక్కల వెనుకనున్న లెక్కను నేర్చుకొనుటకు మేలుకొని యుండెను. అట్లని ఆయన పుస్తకములకు, చుక్కలకు మాత్రమే అంటిపెట్టుకొనిన వాడు కాడు. క్రీడలయందును, వక్తృత్వమునందును, సాహిత్యమునందును ఆయనకు ఆసక్తి మెండు.

నిజాం కళాశాలలో చదువుచున్న దినములలోనే ఆయన చరతారలను పరిశీలింప నారంభించిరి. చరతారలనగా కాంతి స్థిరముగ నుండక కాలక్రమమున హెచ్చుచు తగ్గుచు నుండు నక్షత్రములు. వీనిని పరిశీలించుటకు గొప్ప ధనముతో పనిలేదు. చిన్న దూరదర్శినియు, ఓపికయు, నిజాయితీయు చాలును. ఆ నక్షత్రము ప్రక్కన కాంతి మారని నక్షత్రములు రెండు మూడింటిని ఎన్నుకొని, వానితో పోల్చి, నేడు ఇంత కాంతి కలదని తేదీతోను వేళతోను వ్రాసికొనవలెను. రేపు మరల చూడవలెను. మాసములు గడచిన పిదప ఆ అంకెలను గీతగా గీసినచో ఆ నక్షత్రపు ఊపిరి కంటికి కనబడును. విద్యార్థి దశయందే బప్పు గారు ఇట్టి పరిశీలనలపై శాస్త్రవ్యాసములు ప్రకటించిరి. పట్టము చేతికి రాకముందే పని చేతికి వచ్చినదన్నమాట. తరువాత ఆయన మద్రాసు విశ్వవిద్యాలయమునుండి భౌతికశాస్త్రమున ఎం.ఎస్‌సి. పట్టము పొందిరి.

ఇక్కడ దూరదర్శినులలోని రెండు రకములను గూర్చి కొంచెము చెప్పక తప్పదు. మొదటిది కటక దూరదర్శిని. గొట్టము ముందు భాగమున నున్న గాజు కటకము వెలుతురును వంచి ఒకచోట చేర్చును. నిజామియా వేధశాలలోని గ్రబ్ దూరదర్శిని ఈ రకమునకు చెందినది. రెండవది దర్పణ దూరదర్శిని. దీనికి ముందువైపు ఏమియు నుండదు. గొట్టము అడుగున పుటాకారపు అద్దము, అనగా లోనికి గుంటపడినట్లుండు అద్దము, ఉండును. వెలుతురు దానిపై పడి వెనుకకు మరలి, గొట్టము పైభాగమున ఏటవాలుగ నమర్చిన చిన్న అద్దమునకు తగిలి, ప్రక్కనున్న రంధ్రము గుండ మన కంటికి చేరును. ఈ పద్ధతిని 1668లో మొదట చేసి చూపినవారు న్యూటన్ మహాశయులు. కటకమును అంచుల వద్దనే పట్టి నిలుపవలెను గనుక అది పెద్దదైనకొలది తన బరువునకు తానే వంగును. అద్దమునకో వెనుకనుండి ఆధారము లమర్చవచ్చును. కటకము ఒక్కొక్క రంగును ఒక్కొక్క విధముగ వంచును. అద్దము అన్ని రంగులను ఒకే తీరున మరల్చును. కావుననే పెద్ద దూరదర్శినులన్నియు దర్పణ దూరదర్శినులైనవి. బప్పు గారి బాల్యము కటకముల నీడన గడిచినను, జీవితమంతయు దర్పణములతోనే సాగినది.

హైదరాబాదు ప్రభుత్వము వారి విద్యార్థి వేతనముతో ఆయన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్లిరి. అక్కడ చేరిన కొలది మాసములకే, 1949 జూలై 2వ తేదీ రాత్రి తీసిన ఛాయాఫలకమును పరీక్షించుచు, నక్షత్రముల నడుమ ఎన్నడును లేని ఒక మసక గుర్తును ఆయన కనుగొనిరి. అది క్రొత్త తోకచుక్క. ఆయన ఆచార్యులైన బార్ట్ బాక్, సహవిద్యార్థి గోర్డన్ న్యూకిర్క్ దానిని నిర్ధారించుటలో తోడ్పడిరి. అందుచే ఆ తోకచుక్కకు బప్పు–బాక్–న్యూకిర్క్ అని మువ్వురి పేళ్లు కలిపి పెట్టిరి. పసిఫిక్ ఖగోళ సంఘము వారు ఈ ఆవిష్కరణమునకు డోనహో తోకచుక్క పతకము నిచ్చిరి. ఇరువదిరెండు సంవత్సరములు నిండని హైదరాబాదు విద్యార్థి పేరు ఆ విధముగ ఆకాశమున కెక్కినది. ఆ గుర్తును కనుగొనుటకు ఆయనకు తోడ్పడినది అదృష్టము మాత్రమే యనుకొనుట పొరపాటు. ఉన్నదేదో ముందే కంఠస్థముగ నెరిగినవానికే లేనిది క్రొత్తగ వచ్చినపుడు తెలియును. హైదరాబాదు రాత్రులలో చేసిన అభ్యాసము అక్కడ ఫలించినది.

1952లో డాక్టరేటు పట్టము పొందిన పిదప, కార్నెగీ సంస్థ వారి పరిశోధక వేతనముపై ఆయన కాలిఫోర్నియాకు వెళ్లిరి. అచ్చట పాలోమార్ కొండపై 1948లో ప్రతిష్ఠింపబడిన దూరదర్శిని అద్దము వ్యాసము 200 అంగుళములు, అనగా ఐదు మీటర్ల పైమాట. ఆ కాలమున ప్రపంచమున దానిని మించినది లేదు. అక్కడ ఓలిన్ విల్సన్ అను శాస్త్రజ్ఞునితో కలిసి బప్పు గారు చేసిన పరిశోధన ఆయన కీర్తికి మూలస్తంభము. నక్షత్రపు వెలుతురును పట్టకము వంటి సాధనముతో విడదీసినచో రంగుల పట్టీ ఏర్పడును. అందు కొన్నిచోట్ల నల్లని గీతలుండును. కాల్షియము వలన ఏర్పడు గీత వానిలో నొకటి. కొన్ని నక్షత్రములలో ఆ నల్లని గీత నడుమ సన్నని వెలుగుగీత కనబడును. నక్షత్రము నిజమునకు ఎంత కాంతివంతమైనదో ఆ వెలుగుగీత అంత వెడల్పుగ నుండునని వారిరువురును కనుగొని 1957లో ప్రకటించిరి. నక్షత్రపు నిజమైన కాంతి తెలిసినచో, మనకు కనబడు కాంతితో పోల్చి అది ఎంత దూరమున నున్నదో చెప్పవచ్చును. దూరముననున్న దీపము పెద్దదో చిన్నదో తెలియనిచో దాని దూరమును ఊహింపజాలము గదా. ఆ దీపము ఎంతటిదో గీత వెడల్పు చెప్పినది. ఈ సూత్రమునకు విల్సన్–బప్పు ఫలితమని పేరు.

ఇంతటి ప్రసిద్ధి వచ్చిన పిదప అమెరికాలోనే నిలిచిపోయినను ఎవరును తప్పు పట్టియుండరు. అక్కడ అద్దములు పెద్దవి, ఆకాశము నిర్మలము, జీతము హెచ్చు. కాని ఆయన 1953లో స్వదేశమునకు తిరిగి వచ్చిరి. ఆ నాటికి మన దేశమున నక్షత్రముల పరిశోధనకు తగిన పెద్ద దర్పణ దూరదర్శిని లేదు. 1954లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వము వారి వేధశాలకు ఆయన ముఖ్య ఖగోళజ్ఞులైరి. ఆ వేధశాల వారణాసిలో నుండెను. గంగాతీరపు నగర దీపములును, ధూళియు, పొగయు నక్షత్రములకు పనికిరావని ఆయన గ్రహించి, దానిని 1955లో హిమాలయ పాదములనున్న నైనీతాల్ కొండలకు తరలించిరి. సాధనము కన్న ముందు స్థలము చూడవలెనన్న పాఠమును ఆయన ఆనాటినుండి ఎన్నడును విడువలేదు.

1960లో ఆయన కొడైకెనాల్ వేధశాలకు అధిపతులైరి. అప్పటికి ఆయన వయస్సు ముప్పదిరెండేండ్లు. కొడైకెనాల్ సూర్యుని పరిశీలించుటకు పేరుగాంచిన చోటు. కాని అక్కడి మబ్బుల వలన రాత్రివేళ నక్షత్రములు చూచుట దుర్లభము. కావున దక్షిణదేశమున నిర్మలమైన, చీకటియైన కొండ ఎక్కడ నున్నదని ఆయనయు ఆయన సహచరులును వెదకిరి. చివరకు తమిళనాడులో వాణియంబాడి సమీపమున, జవ్వాది కొండలలోని కావలూరు గ్రామము వద్ద, సముద్రమట్టమునకు 700 మీటర్ల పైచిలుకు ఎత్తుననున్న అడవిప్రదేశమును ఎన్నుకొనిరి. ఆ చోటు భూమధ్యరేఖకు దగ్గరగా నుండుటచే ఉత్తరాకాశముతోపాటు దక్షిణాకాశములో చాలభాగము కూడ కనబడును. యూరపు, అమెరికా వేధశాలలకు కనుమరుగైన నక్షత్రములు ఎన్నో అక్కడినుండి చూడవచ్చును.

స్థలము దొరికినది, ఇక అద్దము కావలెను. విదేశములకు వ్రాసి తెప్పించుకొనుట ఒక దారి. కాని విదేశీ ద్రవ్యము కొరతగానున్న దినములవి. బప్పు గారు తమ వేధశాల పనిశాలలోనే 38 సెంటీమీటర్ల, అనగా 15 అంగుళముల దర్పణ దూరదర్శినిని తయారు చేయించిరి. అది 1968లో కావలూరున పని ప్రారంభించినది. జఫర్ జంగ్ గారు విదేశమునుండి కొనితెచ్చిన కటకమును 15 అంగుళములదే, మన చేతులతో చేసిన ఈ అద్దమును 15 అంగుళములదే. ఆ రెండింటి నడుమ గడచినవి అరువదేడు సంవత్సరములు. కొనుట నుండి చేయుట వరకు మనము నడచిన దూరమది.

అద్దమును చేయుట యనగానేమో తెలిసికొనినచో ఆ పనిలోని గొప్పతనము బోధపడును. సమానమైన రెండు గాజుబిళ్లలను తీసికొని, వాని నడుమ గరుకుపొడియు నీరును వేసి, క్రింది బిళ్లపై పైబిళ్లను ముందుకు వెనుకకు నడుపుచు, నడుమ నడుమ త్రిప్పుచుండవలెను. అట్లు చేయగా చేయగా పైబిళ్ల లోనికి గుంటపడును, క్రిందిది ఉబ్బెత్తు అగును. పిదప పొడిని క్రమక్రమముగ మెత్తనిదిగ మార్చుచు, తుదకు కీలుపూతపై మెరుగుపెట్టవలెను. అద్దపు ఉపరితలము ఉండవలసిన ఆకృతినుండి మిల్లీమీటరులో పదివేలవ వంతునకు మించి తప్పరాదు. తప్పు ఎక్కడ నున్నదో వెలుతురుతో పరీక్షించి, మరల కొంచెము రుద్ది, అద్దము చల్లారువరకు వేచి, మరల పరీక్షించవలెను. తొందరపడినవాడు ఒక్కపూటలో నెలల పనిని చెరుపుకొనును. చివరకు అల్యూమినియము పలుచని పూతగా వేసినపుడు గాజు అద్దమగును. ఆరు అంగుళముల అద్దమును ఇంటిలోనే ఈ విధముగ చేసికొనినవారు ప్రపంచమున వేలకొలది కలరు. పెద్ద అద్దమునకును చిన్న అద్దమునకును పద్ధతి ఒకటే. పెరుగునది ఓపిక మాత్రమే.

1972లో ఒక మీటరు అద్దము గల జర్మనీ దేశపు జైస్ దూరదర్శిని కావలూరు చేరినది. 1977 మార్చి 10వ తేదీన యురేనస్ గ్రహము ఒక నక్షత్రమునకు అడ్డముగ రానుండెను. ఆ ఘట్టమును కావలూరునుండియు పరిశీలించిరి. గ్రహము నక్షత్రమును కప్పకముందే నక్షత్రపు కాంతి ఒక్కొక్క క్షణము తగ్గి మరల హెచ్చినది. అమెరికా వారు విమానములోనుండి చేసిన పరిశీలనలోను ఇట్లే జరిగినది. శనికి వలెనే యురేనసునకు కూడ వలయములు కలవని ఆ రాత్రి ప్రపంచమునకు తెలిసినది. ఇందొక చిత్రమైన సంగతి కలదు. ఆ యురేనసును మొదట కనుగొనినవారు విలియం హెర్షెల్. ఆయన ఇంగ్లండులోని బాత్ పట్టణమున సంగీతము నేర్పుకొని జీవించెడివారు. సోదరి కెరొలిన్ సహాయముతో ఇంటిలోనే లోహపు అద్దములు రుద్ది, 6 అంగుళముల పైచిలుకు అద్దము గల దూరదర్శినిని పెరటిలో నిలిపి, 1781 మార్చి 13వ తేదీ రాత్రి ఆ గ్రహమును చూచిరి. ఒక పెరటిలో దొరికిన గ్రహమునకు వలయములున్నవని నూటతొంబదియారు సంవత్సరముల తరువాత కావలూరు అడవిలోని అద్దము సాక్ష్యము పలికినది. పెరటి దూరదర్శినిని తక్కువగ చూడరాదనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

1971లో కొడైకెనాల్ వేధశాల స్వయంప్రతిపత్తి పొంది, భారతీయ ఖగోళ భౌతిక సంస్థగా రూపొందినది. తరువాత దాని కేంద్రము బెంగుళూరునకు మారినది. బప్పు గారు దానికి తొలి నిర్దేశకులు. 1970లో భట్నాగర్ బహుమానము, 1981లో పద్మభూషణ బిరుదము ఆయనను వరించినవి. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు ఆయన అధ్యక్షులుగ ఎన్నికైరి. ప్రపంచ ఖగోళజ్ఞులందరు కలిసిన సభకు అధ్యక్షత వహించుట హైదరాబాదు పాఠశాలలలో చదివిన ఒకనికి దక్కినది.

కాని ఆయన మనస్సు పదవులయందు లేదు. రెండు మీటర్లకు మించిన అద్దము గల దూరదర్శిని నొకదానిని మన దేశముననే రూపొందించి, మన దేశముననే నిర్మింపవలెనన్నది ఆయన చిరకాల సంకల్పము. అద్దము వ్యాసము 234 సెంటీమీటర్లు. గాజుదిమ్మ మాత్రము జర్మనీనుండి వచ్చినది. దానిని రుద్ది మెరుగుపెట్టు పని బెంగుళూరులోని సంస్థ పనిశాలలో మనవారే చేసిరి. దానిని మోయు ఉక్కు చట్రమును మహారాష్ట్రములోని వాల్‌చంద్‌నగర్ కర్మాగారము వారు తయారు చేసిరి. ఇంత పెద్ద అద్దము మన దేశమున మునుపెన్నడును చేసినది కాదు. చేయజాలరని సందేహించుటకు కారణములు కలవు. చేయకున్నచో ఎన్నడును నేర్వజాలమని ఆయన నమ్మకము.

ఆ పని సాగుచుండగనే ఆయన హృదయము జబ్బుపడినది. శస్త్రచికిత్సకై జర్మనీలోని మ్యూనిక్ నగరమునకు వెళ్లిరి. 1982 ఆగస్టు 19వ తేదీన అక్కడనే కన్నుమూసిరి. ఏబదియైదవ జన్మదినము గడచి అప్పటికి తొమ్మిది దినములు. ఆయన అధ్యక్షులుగనున్న అంతర్జాతీయ ఖగోళ సంఘపు మహాసభ ఆ దినములలోనే గ్రీసు దేశములోని పట్రాస్ నగరమున జరుగుచుండెను. అధ్యక్షుడు లేకయే ఆ సభ ముగిసినది. తాను సంకల్పించిన అద్దములో ఒక్క నక్షత్రమునైనను చూడక ఆయన వెళ్లిపోయిరి.

అయినను పని ఆగలేదు. ఆయన తయారు చేసినది దూరదర్శినులను మాత్రమే కాదు, వానిని చేయగల మనుష్యులను కూడ. 1985 నవంబరులో ఆ అద్దముపై తొలి నక్షత్రకాంతి పడినది. 1986 జనవరి 6వ తేదీన ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ దానికి వైను బప్పు దూరదర్శిని యని నామకరణము చేసి జాతికి అంకితము గావించిరి. కావలూరు వేధశాలకును ఆయన పేరే పెట్టిరి. ఆకాశమున ఒక చిన్న గ్రహము సైతము ఆయన పేరును ధరించి సూర్యుని చుట్టు తిరుగుచున్నది.

ఇక మన చెంతకు వత్తము. నాచారమునకు సమీపముననే యున్న ఉస్మానియా విశ్వవిద్యాలయము వారు 48 అంగుళముల దర్పణ దూరదర్శినిని నెలకొల్ప దలచినపుడు నగరమున నిలుపలేదు. నగరమునకు ఆగ్నేయముగ ఏబది కిలోమీటర్లకు పైగా దూరముననున్న జపాల్–రంగాపూర్ గ్రామముల వద్దకు తీసికొనిపోయి 1968 ప్రాంతమున నిలిపిరి. చీకటిని వెదకికొనుచు పోవలసినదే. ఉప్పల్, నాచారములు గ్రామములుగ నున్నపుడు ఆ చీకటి మన వాకిటనే యుండెడిది. నల్లచెరువు గట్టుపై నిలిచి చూచినచో పాలపుంత కనబడిన దినములు పెద్దల యెరుకలోనివే. నేడు కర్మాగారములు, మెట్రో రైలు, క్రీడామైదానపు దీపస్తంభములు వచ్చినవి. అభివృద్ధిని నిందింపరాదు. కాని పైకి చిమ్ము ప్రతి దీపమును ఒక చుక్కను చెరుపునని తెలిసికొనుట మేలు. దీపమునకు మూతపెట్టి వెలుతురును నేలకు మరల్చినచో దారియు కనబడును, ఆకాశమును మిగులును.

అయినను నిరాశ వలదు. ఆరు అంగుళముల అద్దము మన కంటిపాపకన్న 450 రెట్లు వెలుతురును పోగుచేయును. నగరపు ఆకాశమునుండియు చంద్రుని పర్వతములను, బృహస్పతి నాలుగు ఉపగ్రహములను, శని వలయములను, పిల్లలకోడి గుంపును, మృగశిరలోని నీహారికను అది చూపగలదు. దానిని పెరటిలో నిలుపుటకు కొన్ని నియమములు కలవు. మిద్దెపై కన్న నేలపై నిలుపుట మేలు. పగటి ఎండకు కాగిన మిద్దె రాత్రి వేడిగాలిని వదలును. ఆ గాలిలో బింబము వణకును. ఎవరైన నడచినను మిద్దె అదరును. చూడదలచిన వేళకు గంట ముందే దూరదర్శినిని ఆరుబయట పెట్టినచో అద్దము చల్లబడి గాలితో సమానమగును. పిదప కంటికటకమును తీసివేసి గొట్టములోనికి చూచి, పెద్ద అద్దము, చిన్న అద్దము, వాని ప్రతిబింబములు ఒకదానిలో నొకటి సరిగ నడుమ నుండునట్లు మరలు త్రిప్పి సరిచేయవలెను. ఈ సవరణ లేనిచో ఎంత మంచి అద్దమైనను మసకగనే చూపును.

నక్షత్రములు తూర్పునుండి పడమరకు కదలుచుండును గనుక దూరదర్శినిని వాని వెంట త్రిప్పవలెను. ఇరుసుపై తిరుగు చెక్కపెట్టె పీఠము ప్రారంభకులకు చాలును. ధ్రువనక్షత్రమునకు గురిపెట్టిన ఇరుసు గల పీఠమైనచో ఒక్క ఇరుసును త్రిప్పినంతనే నక్షత్రము వెంటబడవచ్చును. మన ప్రాంతమున ధ్రువుడు ఉత్తర దిక్కున పదునేడు భాగల ఎత్తుననే యుండును గనుక ఇండ్లును చెట్లును అడ్డురాని చోటు చూచుకొనవలెను. కన్నులు చీకటికి అలవాటుపడుటకు అరగంట పట్టును. అంతవరకు తెల్లని దీపము చూడరాదు; వ్రాసికొనుటకు ఎర్రకాగితము చుట్టిన చేతిదీపము చాలును. అన్నిటికన్న ముఖ్యమైనది, దూరదర్శినిని సూర్యునివైపు ఎన్నడును త్రిప్పరాదు. ఒక్క క్షణములో కన్ను పోవును. పిల్లలు చేరునపుడు పెద్దలు దగ్గరనుండవలెను.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగ మనకు పుస్తకములు ఇచ్చినది. ఒకరి సొత్తైన పుస్తకము పదిమందికి చేరినపుడే గ్రంథాలయమగును. దూరదర్శినియు అట్టిదే. అందుకై ఈ రజతోత్సవ సందర్భమున నాదొక మనవి. గ్రంథాలయపు ఆవరణములో ఆరు అంగుళముల దర్పణ దూరదర్శిని నొకదానిని చందాదారులందరు కలిసి నిలిపి, శుక్లపక్షమున నెలకొక రాత్రి గ్రామ బాలబాలికలందరికి చంద్రుని చూపుదము. చూచినదానిని తేదీతో వ్రాయుటకు ప్రక్కన ఒక పుస్తకమును ఉంచుదము. తండ్రి వెంట వేధశాలకు పోయిన ఒక హైదరాబాదు బాలుడు ఎంతటివాడైనదియు చూచితిమి. మన వీధిలో అట్టి బాలుడో బాలికయో నేడు ఉండవచ్చును. వారికి కావలసినది ఒక అద్దము, కొంచెము చీకటి, ప్రక్కన నిలుచు పెద్దవాడొకడు.